సబ్బు వాసన

ఫిబ్రవరిలో పట్టిన జలుబు మార్చికల్లా వదిలింది. వదులుతూ వదులుతూ ఉర్బాన్ ముక్కులో ఉన్న సామానంతా మూటగట్టుకుని పట్టుకుపోయింది. కాఫీ వాసన లేదు, కాలిన రొట్టె వాసన లేదు, తడి కుక్క వాసన లేదు. ఈ చివరిది మాత్రం లాభమే అనుకున్నాడు.

మామూలు మనిషికైతే ఇదేమంత కష్టం కాదు. భూముల కొలతల ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషికి అసలే కాదు. సరిహద్దు రాళ్ళని ఎవరూ వాసన చూసి పాతరు. కానీ బెల్జియంలోని ఈ టీనెన్ ఊళ్ళో ఇంట్లో బీరు కాచుకునేవాళ్ళ సంఘానికి ఉర్బాన్ ముక్కు. పదవి పేరే అది. అధ్యక్షుడున్నాడు, కార్యదర్శి ఉంది, ముక్కు ఉన్నాడు. ముక్కు వాసన చూసి, రుచి చూసి, నోరు విప్పేదాకా మిగతావాళ్ళు నోరెత్తకూడదని నియమం. ఆ నియమాన్ని అచ్చేయించి, ప్లాస్టిక్ తొడుగేసి, కెఫే వెనకగది గోడకి తగిలించారు కూడా.

అందుకని ఉర్బాన్ ఎవరికీ చెప్పలేదు. పెళ్ళాం మార్లీన్‌కి కూడా.

దుంపల కాలం వచ్చింది. చక్కెర ఫ్యాక్టరీలో బీట్ దుంపలు ఉడకడం మొదలైతే ఆ వాసన ఊరి మీదికి తడి దుప్పటిలా దిగుతుంది. ఏటా అది దిగిన మొదటి పొద్దున ఉర్బాన్ వంటింటి కిటికీ తెరిచి "మొదలైంది" అంటాడు. మార్లీన్ "ఊఁ" అంటుంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ అంతే. వాళ్ళ పెళ్ళిరోజు కన్నా ఇదే ఎక్కువ గుర్తుంటుంది ఇద్దరికీ.

ఈ ఏడు ఉర్బాన్ ముందుజాగ్రత్త పడ్డాడు. దుంపల ట్రాక్టర్లు రోడ్డు మీద మట్టిపెళ్ళలు రాల్చుకుంటూ పోవడం కనిపెట్టి, గురువారం పొద్దున్నే కిటికీ తెరిచి, గుండెల నిండా పీల్చి, "మొదలైంది" అన్నాడు.

మార్లీన్ రొట్టె మీద వెన్న రాస్తోంది. కత్తి ఆగింది. "ఏం మొదలైంది?"

"దుంపలు."

"ఇవాళా?"

"లేకపోతే?"

"ఇవాళ గాలి అటు తిరిగిందయ్యా. చుక్క వాసన లేదు. నిన్న గుప్పుమంది. నువ్వు ఉలకలేదు, పలకలేదు, ఒంట్లో బాలేదేమో అనుకున్నా."

"నిన్నటిది లెక్కలోకి రాదు," అన్నాడు ఉర్బాన్. "నిన్న ఉత్త ఆవిరి. వాళ్ళు బాయిలరు పరీక్ష చేసుకుంటున్నారు."

మార్లీన్ అతని వంక చూసింది, కిటికీ వంక చూసింది, మళ్ళీ రొట్టె వంక చూసింది. ముగ్గురిలో రొట్టే నమ్మకంగా కనిపించింది కాబోలు. "సరే, నువ్వెలా చెప్తే అలాగే," అని వెన్న రాసుకుంది.

శుక్రవారం సాయంత్రం సంఘం కూర్చుంది. అధ్యక్షుడు ఎడ్‌మోన్ డెంటిస్టు. బీరు కాయడానికి కారు కన్నా ఖరీదైన స్టీలు సామాను కొన్నాడు. ఆ సామానులో ఏం కాచినా అతని ఆసుపత్రిలో నోరు పుక్కిలించుకోమని ఇచ్చే నీళ్ళలాగే ఉంటుంది. ఆ సంగతి చెప్పే ధైర్యం ఎవరికీ లేదు, అందరి పళ్ళూ అతని చేతిలోనే ఉన్నాయి. కార్యదర్శి పౌలా బడికి పెద్ద టీచరుగా చేసి దిగిపోయింది. ఆవిడ బీరు కాయడానికి ముందే లేబుళ్ళు అచ్చేయిస్తుంది. నాలుగేళ్ళుగా లేబుళ్ళు వస్తున్నాయి, బీరు ఇంకా రాలేదు.

ముక్కు పోయాక ఉర్బాన్ ఒక పద్ధతి కనిపెట్టుకున్నాడు. గ్లాసులో ముక్కు దూర్చి, రెప్పల సందుల్లోంచి మిగతావాళ్ళ మొహాలు చూస్తాడు. వాళ్ళు మాట్లాడకూడదు గానీ మొహాలు ఊరుకోవుగా. పౌలా కనుబొమలు లేస్తే బాగున్నట్టు, ఎడ్‌మోన్ కింది పెదవి జారితే బాలేనట్టు. దాన్నిబట్టి తీర్పు చెప్పేస్తాడు. వేసవంతా ఒక్క తప్పు రాలేదు. పైగా ఎడ్‌మోన్ ఒకరోజు భుజం తట్టి, "నీ ముక్కు ఈ మధ్య మరీ పదునెక్కిందయ్యా. మాకేమనిపిస్తోందో సరిగ్గా అదే చెప్తున్నావు," అన్నాడు.

ఆ శుక్రవారం సిల్వేర్ వచ్చాడు. బడిలో జాగ్రఫీ చెప్పేవాడు, ఉర్బాన్‌కి చిన్నప్పటి నుంచీ స్నేహితుడు. అతని భార్య గోడెలీవ్ వసంతంలో చనిపోయింది. ఆ తర్వాత సంఘానికి రావడం ఇదే. పాత తువ్వాల్లో చుట్టి రెండు సీసాలు తెచ్చాడు. తీగతో నొక్కిపెట్టే పింగాణీ బిరడా సీసాలు, వాళ్ళింట్లో ఎప్పుడూ ఉండేవే.

"తెల్ల బీరు," అన్నాడు సిల్వేర్, నిలబడే. "ఒక్కణ్ణే కాశాను. గోడెలీవ్ ఈస్ట్‌తో."

గదిలో అందరికీ ఆ ఈస్ట్ తెలుసు. గోడెలీవ్ దాన్ని పెరుగు తోడులాగా ఒక కాపు నుంచి ఇంకో కాపుకి తీసి, గాజు జాడీలో పోసి, ఫ్రిజ్‌లో వెన్న పక్కన పెట్టుకునేది. సెలవులకి ఊరెళ్తే ఆ జాడీ కూడా వెళ్ళేది. ఒకసారి సముద్రతీరం హోటలువాళ్ళు దాన్ని చూసి పెరుగనుకుని పొద్దున పలహారాల్లో పెట్టబోయారు.

"ఆమె పోయాక జాడీ వేసవంతా అలాగే ఉండిపోయింది," అన్నాడు సిల్వేర్. "నేను చూసుకోలేదు. పోయిన నెల తీసి కాశాను. అది బాగుందో చెడిపోయిందో నాకు తెలీట్లేదు. ఈ మధ్య నా నోటికి అన్నీ ఒకటే. నువ్వు చెప్పు, ఉర్బాన్. బాగుంటే నిలబెడతాను. చెడిపోతే పెట్టుకుని ఏం చేస్తాను."

బిరడా లాగాడు. టప్‌మంది. గ్లాసుల్లోకి ముప్పాతిక వంపి, సీసాని బల్ల మీద పడుకోబెట్టి, అరచేత్తో అప్పడాల కర్రలా ముందుకీ వెనక్కీ దొర్లించాడు. అడుగున పేరుకున్న మడ్డి లేచింది. అది కూడా సమంగా పోశాడు. గ్లాసుల్లో పొగమంచు పట్టినట్టయింది, పైన తెల్లటి నురగ.

ఉర్బాన్ గ్లాసులో ముక్కు దూర్చి రెప్పల సందుల్లోంచి చూశాడు. మొహాలు లేవు. సిల్వేర్ మీద జాలికొద్దీ అందరూ చర్చిలో కూర్చున్నట్టు తలలొంచుకున్నారు. పౌలా నడినెత్తి కనిపించింది. నడినెత్తికి కనుబొమలుండవు.

ఒక గుక్క తాగాడు. చల్లగా ఉంది, నాలిక మీద చురచురలాడింది. అంతే. సోడా తాగినా ఇంతే.

సిల్వేర్ అతన్నే చూస్తున్నాడు, రెండు చేతులతో తువ్వాలు పట్టుకుని.

బాగుందంటే? ఒకవేళ పులిసి కంపు కొడుతుంటే నవ్వులపాలు. ముక్కు ఉద్యోగంలో ఉర్బాన్ నేర్చుకున్నది ఒకటుంది. మెప్పుని ఎవరైనా కాదంటారు, వంకని ఎవరూ కాదనరు. తనకి తెలియలేదని ఒప్పుకునేదెవడు? అందుకని చిన్న వంకొకటి చెప్పాలి, సిల్వేర్ నొచ్చుకోనిది. తెల్ల బీరులో నారింజ తొక్కలూ ధనియాలూ వేస్తారు. ధనియాలు ఓ పిడికెడు ఎక్కువైతే సబ్బు వాసనొస్తుంది, అందరికీ ఎప్పుడో ఒకప్పుడు జరిగేదే. ఈస్ట్ జోలికి పోనక్కర్లేదు. తన దయాగుణానికి తనే కొంచెం మెత్తబడ్డాడు ఉర్బాన్.

"సబ్బు," అన్నాడు. "కొంచెం. సబ్బు వాసన."

తలలు లేచాయి. ఎడ్‌మోన్ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "ఆఁ. సబ్బే."

"చేతులు కడుక్కునే సబ్బు," అంది పౌలా. "బడిలో పెట్టేవాళ్ళం. ఆకుపచ్చది."

"నాకు మొదట తెలీలేదు," అన్నాడు ఎడ్‌మోన్. "ముక్కు చెప్పాక సబ్బు తప్ప ఇంకేం తెలీట్లేదు."

"సబ్బా?" అన్నాడు సిల్వేర్ మెల్లగా. "ఖాయమేనా?"

"ఖాయం."

ధనియాల మాట చెప్పబోయాడు ఉర్బాన్. ఈలోగా ఎడ్‌మోన్ తను కొత్తగా తెప్పించిన చల్లార్చే గొట్టం గురించి అందుకున్నాడు. జర్మనీ నుంచి వచ్చిందట. ఎడ్‌మోన్ గొట్టం గురించి మొదలుపెడితే ఆపడం ఎవరి తరమూ కాదు, ఎదుటివాళ్ళ నోట్లో చెయ్యిపెట్టి మాట్లాడే అలవాటు అతనిది. ఇంకేముంది, సబ్బంటే ధనియాలే అని ఎవరికి తెలీదు, అనుకుని ఊరుకున్నాడు ఉర్బాన్.

"అలాగా," అన్నాడు సిల్వేర్. తువ్వాలు నాలుగు మడతలు పెట్టి జేబులో కుక్కుకున్నాడు. రెండో సీసా తెరవకుండా బల్ల మీద వదిలి వెళ్ళిపోయాడు. అది ముక్కు వాటా. ప్రతి బీరుదీ ఒక సీసా ముక్కు ఇంటికి పోతుంది, నెలాగి మళ్ళీ రుచి చూడ్డానికి. నియమం.

ఉర్బాన్ దాన్ని ఇంటికి తెచ్చి వంటింటి పక్కన చిన్నగదిలో అరమీద పెట్టాడు.

"సిల్వేర్ బీరెలా ఉంది?" అంది మార్లీన్.

"సబ్బు."

"పాపం."

సోమవారం మధ్యాహ్నం పౌలా ఫోన్ చేసింది. సిల్వేర్ సీసాలన్నీ కడిగేస్తున్నాడనీ, ఖాళీవి కావాలా అని అడిగాడనీ, తన లేబుళ్ళకి బాగా సరిపోతాయి గనక తీసుకుందామనుకుంటున్నాననీ చెప్పింది. ఉర్బాన్ కోటేసుకుని బయల్దేరాడు.

సిల్వేర్ గరాజ్ తలుపు పైకెత్తి ఉంది. లోపల ముక్కాలిపీట మీద కూర్చుని, తొట్టిలో సీసా ముంచి, పొడుగు బ్రష్‌తో లోపల తిప్పి, వెలుతురుకి పట్టుకుని చూసి, చెక్క బల్లకున్న మేకులకి బోర్లిస్తున్నాడు. బల్ల దాదాపు నిండింది. పెరట్లో కాలువ జల్లెడ చుట్టూ నురగ ఎండి అట్టకట్టింది. కిటికీ గట్టు మీద గోడెలీవ్ జాడీ తళతళలాడుతోంది.

"మొత్తం పారబోశావా?" అన్నాడు ఉర్బాన్.

"మొత్తం."

"ధనియాలు కాస్త ఎక్కువైనంత మాత్రాన పారబోస్తారటయ్యా ఎవరైనా?"

సిల్వేర్ బ్రష్ ఆపాడు. "ఏ ధనియాలు?"

"అదే. సబ్బు వాసన."

"నేను ధనియాలు వెయ్యలేదు."

ఉర్బాన్ బోర్లించిన సీసాల వంక చూశాడు.

"ఆమె ధనియాల డబ్బా తియ్యలేకపోయాను," అన్నాడు సిల్వేర్, మళ్ళీ సీసా తిప్పుతూ. "మూత మీద ఆమె పిండి వేళ్ళ ముద్రలున్నాయి. తిప్పితే చెరిగిపోతాయి. అందుకని నారింజ తొక్కలే వేశాను. నువ్వు సబ్బనగానే నాకు అర్థమైపోయింది. ధనియాలు వెయ్యందే సబ్బు వాసన ఎక్కణ్ణుంచి వస్తుంది? ఈస్ట్ చచ్చి మురిగితేనే వస్తుంది. జాడీ కూడా సోడా వేసి వేడినీళ్ళతో కడిగేశా." సీసా వెలుతురుకి పట్టుకున్నాడు. "నాకైతే బాగానే అనిపించింది, నిజం చెప్పాలంటే. ఆమె చేతిదేమో, నాకెలాగూ బాగానే ఉంటుంది. నీ ముక్కు కాబట్టి పట్టుకుంది. లేకపోతే మురిగినదాన్ని పట్టుకుని ఇంకో ఇరవయ్యేళ్ళు మోసేవాణ్ణి."

అప్పుడు చెప్పేయొచ్చు. గరాజ్‌లో ఇద్దరే ఉన్నారు. ఉర్బాన్ నోరు తెరిచాడు.

"ఆ బ్రష్ అరిగిపోయింది," అన్నాడు.

"అవును," అన్నాడు సిల్వేర్. "కొత్తది కొనాలి."

అప్పుడు గుర్తొచ్చింది అరమీది సీసా. దాని అడుగున మడ్డి ఉంది. మడ్డి బతికుంది. కాస్త చక్కెరనీళ్ళు పోస్తే లేచి కూర్చుంటుంది, మళ్ళీ జాడీ నిండుతుంది. మళ్ళీ రుచి చూశాను, ఆ రోజు గ్లాసు కడిగిన సబ్బు అంటుకుని ఉన్నట్టుంది, ఈస్ట్ నిక్షేపంలా ఉంది అని చెప్పొచ్చు. సిల్వేర్‌కి ఈస్ట్ మిగుల్తుంది, తనకి ముక్కు మిగుల్తుంది. గ్లాసు కడిగిన కెఫేవాడికి కొంచెం మాటొస్తుంది, కెఫేవాళ్ళకి అలవాటే.

"సాయంత్రం మా ఇంటికి భోజనానికి రా," అన్నాడు. "నీకొకటి చూపించాలి."

"ఏంటది?"

"రా, చెప్తాను."

ఇంటికొచ్చేసరికి వంటింటి కిటికీ అద్దాలు ఆవిరి పట్టి ఉన్నాయి. మార్లీన్ పొయ్యి ముందు నిలబడి పెద్ద ఇనప గిన్నెలో చెక్క గరిటె తిప్పుతోంది.

"సిల్వేర్ భోజనానికి వస్తున్నాడు. ఏం వండుతున్నావ్?" అన్నాడు ఉర్బాన్ కోటు తీస్తూ.

గరిటె ఆగింది. "ఏం వండుతున్నానా?"

"అడగకూడదా?"

"కుందేలు, ఎండు ప్లమ్స్‌తో. వీధి చివరిదాకా కొడుతోంది వాసన. పక్కింటి పిల్లి మధ్యాహ్నం నుంచీ గుమ్మంలోంచి కదలట్లేదు."

ఉర్బాన్ అప్పటికే చిన్నగదిలో ఉన్నాడు. అర ఖాళీగా ఉంది. ఆ ఒక్క సీసా కాదు, పోయిన నెలది లేదు, అంతకు ముందువీ లేవు. వెనక్కొచ్చాడు. సిల్వేర్ సీసా సింకు పక్కన గుడ్డ మీద బోర్లించి ఉంది.

"ఇందులోది?"

"కుందేల్లో పోశా. ఏం, వసంతం నుంచీ నువ్వు ఆ సీసాలు ముట్టుకోవట్లేదుగా. ఒక్కోటీ నేనే కూరల్లోకి వాడేస్తున్నా. నెలాగి నెలాగి అంటావు, నెల ఆగినా తెరిచి చావవు." మార్లీన్ గరిటె చివర నాలికకి రాసుకుంది. "సబ్బన్నావు కదాని పొయ్యబోయే ముందు కాస్త రుచి చూశాను. సబ్బూ లేదు గిబ్బూ లేదు. గోడెలీవ్ బీరే. కాస్త ధనియాలు తక్కువ, అంతే."

"అడుగు మడ్డి?"

"అదీ పోశా, సీసా దొర్లించి మరీ. నువ్వే కదా నేర్పావు, సారమంతా అడుగునే ఉంటుందని."

ఉర్బాన్ సీసా ఎత్తి దీపానికి పట్టాడు. అడుగు తెల్లగా మెరిసింది.

"కడిగావా?"

"కడక్కుండా పెడతానా?"

"దేంతో?"

"దేంతో ఏంటి, సబ్బుతో."

అతను సీసాని మళ్ళీ గుడ్డ మీద బోర్లించాడు, జాగ్రత్తగా, పగిలేదేదో మిగిలున్నట్టు. మార్లీన్ పొయ్యి సన్నం చేసింది.

"ఎప్పట్నుంచి?" అంది.

"ఏది?"

"ఉర్బాన్."

"ఫిబ్రవరి," అన్నాడు. "ఆ జలుబప్పుడు."

మార్లీన్ చేతులు తుడుచుకుంది. ఒకసారి తుడిచింది చాలక మళ్ళీ తుడుచుకుంది. "మేలో నా సెంటు అయిపోయింది. కొనుక్కోలేదు. జూన్‌లో మా అక్క మనవరాలి బాప్టిజంకి వెళ్తుంటే కార్లో అన్నావు, సెంటు బాగుందని. మాట వరసకైనా అంటున్నాడే అని ఆ రోజంతా సంతోషంగా ఉన్నాను."

ఉర్బాన్ పళ్ళేలు తీసి బల్ల మీద సర్దాడు.

సిల్వేర్ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. గడప దగ్గరే ఆగి తలెత్తాడు, ఎవరో పిలిచినట్టు. తర్వాత బూట్లు తుడుచుకుని లోపలికొచ్చి కూర్చున్నాడు. మార్లీన్ వడ్డించింది. కుందేలు తొడ, ప్లమ్స్, నల్లటి చిక్కటి పులుసు, పక్కన ఉడికించిన ఆలుగడ్డలు.

ఒక ముద్ద తిన్నాడు. నమిలాడు. ఫోర్కు పళ్ళెం అంచున పెట్టాడు.

"ఇందులో ఏం పోశావు, మార్లీన్?"

మార్లీన్ మొగుడి వంక చూసింది. సాయం చెయ్యలేదు.

"నీ బీరు," అన్నాడు ఉర్బాన్. "రెండో సీసా. అది బాగుంది, సిల్వేర్. సబ్బు లేదు."

"నువ్వేగా ఖాయమన్నావు."

"నాకు వాసన తెలీదు. ఫిబ్రవరి నుంచీ. ఆ రోజు నాకేమీ తెలీలేదు. ఏదో ఒకటి చెప్పాలని చెప్పాను. నువ్వు ధనియాలు వేసుంటావనుకున్నా."

సిల్వేర్ పళ్ళెంలోకి చూశాడు.

"నాకు చూపిస్తానన్నది ఇదేనా?"

"కాదు. సీసా ఇద్దామనుకున్నా. అడుగు మడ్డితో మళ్ళీ తోడు లేపొచ్చని. నేనొచ్చేసరికి..." గిన్నె వైపు చెయ్యి చూపించాడు.

"ఉడికిపోయింది," అన్నాడు సిల్వేర్.

"మధ్యాహ్నం నుంచీ ఉడుకుతోంది," అంది మార్లీన్ చాలా చిన్నగా. "నాకు తెలీదు, సిల్వేర్. తెలిస్తే..."

"నీదేముందమ్మా." ఉర్బాన్ వైపు తిరిగాడు. "జీవితమంతా భూములు కొలిచావు. గొలుసు లేకుండా ఎవరి పొలమైనా కొలిచావా?"

"లేదు."

"నాదే దొరికిందా?"

ఉర్బాన్ ఆలుగడ్డని ఫోర్కుతో రెండు ముక్కలు చేశాడు.

"తెలీదు అనుంటే ఏం పోయేది?"

"ఎడ్‌మోన్‌ని ముక్కు చేసేవాళ్ళు."

సిల్వేర్ దీని గురించి నిజంగానే ఆలోచించాడు. "చేస్తే చెయ్యనీ," అన్నాడు చివరికి. "సబ్బుందని వాడూ అన్నాడుగా. పౌలా రంగు కూడా చెప్పింది."

కుర్చీ వెనక్కి జరిపాడు. వెళ్ళిపోతాడనుకున్నారిద్దరూ. వెళ్ళలేదు. రొట్టె బుట్ట అందుకోవడానికి జరిపాడు. ఒక ముక్క తుంచి పులుసులో అద్దుకుని నోట్లో పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకోలేదు, ఎదురుగా గోడకున్న క్యాలెండరు చూస్తూ నమిలాడు.

"నీకెలా ఉంది?" అన్నాడు.

"ఉప్పగా ఉంది," అన్నాడు ఉర్బాన్. "మెత్తగా ఉంది."

"అంతేనా?"

"అంతే."

"సరే, విను." క్లాసులో పటం మీద నది ఎక్కడ పుట్టిందో చూపించే గొంతుతో మొదలుపెట్టాడు సిల్వేర్. "ముందు నారింజ తొక్క. చేదు నారింజ, గది వెచ్చబెట్టే రేడియేటరు మీద ఆరబెట్టింది. కొంచెం మాడింది కూడా, నేనే మాడ్చాను. దాని వెనకాల రొట్టె. కాల్చిన రొట్టె కాదు, పొంగుతున్న పిండి. శనివారం పొద్దున ఆమె జాడీ మూత తీస్తే మా వంటింట్లో..."

అక్కడ ఆగిపోయాడు. నది అక్కడ భూమిలోకి ఇంకిపోయినట్టు. ఉర్బాన్ ముందుకి వంగి వింటున్నాడు, వంగినవాడు అలాగే ఉండిపోయాడు.

సిల్వేర్ ఇంకో రొట్టె ముక్క తీసుకుని పళ్ళెం తుడవడం మొదలుపెట్టాడు. అంచు చుట్టూ ఒకసారి, మధ్యలో ఒకసారి, ఎముక కింద జరిపి అక్కడ. పులుసు మరక ఒక్కటి కూడా లేకుండా తుడిచి, ఆ ముక్క కూడా తిన్నాడు. మార్లీన్ గరిటె పట్టుకుని లేచింది. అతను పళ్ళెం ముందుకి జరిపాడు. గిన్నె అడుగు కనిపించేదాకా తిన్నారు ముగ్గురూ.

ఎప్పుడు తిరిగిందో గాలి తిరిగింది. కర్టెను లోపలికి ఊగింది. మార్లీన్ లేచి కిటికీ మూసింది.

"ఏమైంది?" అన్నాడు ఉర్బాన్.

మార్లీన్, సిల్వేర్ ఒకరినొకరు చూసుకున్నారు.

"దుంపలు," అంది మార్లీన్.

ఉర్బాన్ మూసిన కిటికీ వైపు చూశాడు. "ఎలా ఉంది?"

సిల్వేర్ ఒకసారి గాలి పీల్చి చూశాడు. "తడిమట్టి. మాడిన చక్కెర. ఏటా ఉండేదే."

"అలాగా," అన్నాడు ఉర్బాన్.